నెట్ లేని సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించేదెలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కొన్ని ల్యాబ్‌లకు నెట్ రాలేదు. కొన్ని ఆఫీసుల్లో ఉన్న నెట్‌నే భద్రత కోసం పీకేశారు. పని మాత్రం ఆగదు కదా: కంపైలర్ కావాలి, పైథాన్ కావాలి, విజువల్ స్టూడియో కావాలి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఇదే గోడు. ప్రశ్నలు వేరైనా మూలం చాలాచోట్ల ఒక్కటే. నెట్ ఉన్న సిస్టమ్‌లో ముందే ఉన్న సరుకు మళ్లీ డౌన్‌లోడ్ కాదు. అవతలి సిస్టమ్‌లో సరిగ్గా అదే ఉండదు.

కమాండ్లను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ స్పెల్లింగే వాడాలి. ‘డబుల్ డాష్’ అన్నచోట మధ్యలో ఖాళీ లేకుండా రెండు అడ్డగీతలు పెట్టండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో 30 సిస్టమ్‌లున్నాయి. టర్బో సి తీసేసి కోడ్‌బ్లాక్స్ వేశాం. తెరుచుకుంటోంది కానీ ప్రోగ్రాం రన్ చేస్తే కంపైలర్ దొరకలేదంటోంది. ఇదే ఇన్‌స్టాలర్ మా ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేసిందండీ.
– పాలిటెక్నిక్ అధ్యాపకులు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో వేసిన మింగ్‌డబ్ల్యూ కంపైలర్ ఉండి ఉంటుంది. కోడ్‌బ్లాక్స్ దాన్ని చూసుకుని పని కానిచ్చింది. కోడ్‌బ్లాక్స్ అనేది ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్ మాత్రమే, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ కాదు. డౌన్‌లోడ్ పేజీలో ఒకే వెర్షన్‌కి నాలుగైదు ఫైళ్లు కనిపిస్తాయి. పేరులో ‘మింగ్‌డబ్ల్యూ-సెటప్’ అని ఉన్నదే మీకు కావాలి. 20.03 వెర్షన్‌లో అది సుమారు 145 ఎంబీ. దాంట్లో జీసీసీ 8.1.0 కంపైలర్, తప్పులు వెతికే జీడీబీ డీబగ్గర్ రెండూ ఉంటాయి. వట్టి ‘సెటప్’ అని ఉన్నది అందులో నాలుగో వంతు సైజు, కంపైలర్ ఉండదు. మీరు వేసింది అదే.

సరైన ఫైలు వేశాక కూడా కొన్ని సిస్టమ్‌లలో అదే ఎర్రర్ రావచ్చు. పాత సెట్టింగులు ఒక్కో యూజర్ ఖాతాలో ‘యాప్‌డేటా, రోమింగ్, కోడ్‌బ్లాక్స్’ ఫోల్డర్‌లోని ‘డిఫాల్ట్.కాన్ఫ్’ ఫైల్లో ఉండిపోతాయి. సాఫ్ట్‌వేర్ తీసేసినా అవి పోవు. ఆ ఫైలు తొలగించి కోడ్‌బ్లాక్స్ తెరవండి. లేదంటే సెట్టింగ్స్‌లో కంపైలర్, ‘టూల్‌చెయిన్ ఎగ్జిక్యూటబుల్స్’ ట్యాబ్‌కి వెళ్లి ‘ఆటో-డిటెక్ట్’ నొక్కండి. అక్కడ చేత్తో దారి ఇస్తే మింగ్‌డబ్ల్యూ ఫోల్డర్ వరకే ఇవ్వాలి. దాని లోపలి ‘బిన్’ వరకు ఇచ్చామో, మళ్లీ దొరకలేదంటుంది.

30 సిస్టమ్‌లకు పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగక్కర్లేదు. ఇంటర్నెట్ లేకపోయినా ల్యాబ్‌లో స్విచ్, కేబుళ్లు ఉంటాయి కదా. ఒక సిస్టమ్‌లో ఫోల్డర్ షేర్ చేసి, మిగతావాటిలో అడ్మినిస్ట్రేటర్‌గా ఇన్‌స్టాలర్ వెనక ‘స్లాష్ ఎస్’ తగిలించి నడపండి. ప్రశ్నలేమీ అడక్కుండా ఎక్కేస్తుంది. ఎస్ పెద్దక్షరమే ఉండాలి.

ప్రశ్న: ఆఫీసులో నెట్ లేని విండోస్ 10 సిస్టమ్, అందులో పైథాన్ 3.11. నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ‘పిప్ డౌన్‌లోడ్’తో ప్యాకేజీలు దించి తీసుకెళ్లాను. ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్’ అంటోంది. ఫైలు కళ్లెదుటే ఉంది, లేదంటుందేమిటి?
– ఇంజినీరు, విశాఖపట్నం

జవాబు: ఫైలుంది, ఆ సిస్టమ్‌కి పనికొచ్చే ఫైలు లేదు. పైథాన్ ప్యాకేజీలను ఎక్కించే పిప్ ఈ రెండింటికీ ఒకే మాట వాడుతుంది, చిక్కంతా అక్కడే. ముందు ఫైలు పేరు చదవడం అలవాటు చేసుకోండి. ఉదాహరణకి నంపై అనే ప్యాకేజీ వీల్ (నేరుగా ఎక్కించడానికి సిద్ధంగా కట్టిన ఫైలు) ఒకటి:

నంపై-1.26.4-సీపీ311-సీపీ311-విన్_ఎఎండీ64

మొదటి రెండు ముక్కలు ప్యాకేజీ పేరు, వెర్షన్. ‘సీపీ311’ అంటే మామూలు పైథాన్ 3.11కి కట్టింది అని. 3.12లో ఇది ఎక్కదు, 3.10లోనూ ఎక్కదు. చివరి ముక్క 64 బిట్ విండోస్. మీ ఉబుంటు ల్యాప్‌టాప్ తనకు సరిపోయేది తెచ్చుకుంది కాబట్టి ఆ చివర ‘మెనీలైనక్స్’ అని ఉండి ఉంటుంది. చివర ‘పై3-నన్-ఎనీ’ అని ఉంటే అది పూర్తిగా పైథాన్‌లో రాసింది, ఎక్కడైనా ఎక్కుతుంది. మధ్యలో ‘ఎబిఐ3’ అని ఉంటే మొదట చెప్పిన పైథాన్ వెర్షన్‌కీ, దానికి పైవాటికీ పనికొస్తుంది. మీ ఆఫీసు సిస్టమ్ ఏయే గుర్తులను ఒప్పుకుంటుందో ‘పిప్ డీబగ్ డబుల్ డాష్ వెర్బోస్’ కొడితే అదే జాబితా ఇస్తుంది. ఆ జాబితాను ఫోటో తీయడానికి వీల్లేని చోటైతే కాగితం మీద మూడు ముక్కలు రాసుకుంటే చాలు: పైథాన్ వెర్షన్, 32 బిట్టా 64 బిట్టా, పిప్ వెర్షన్.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ‘పిప్ డౌన్‌లోడ్’కి కావాల్సిన ప్యాకేజీల పేర్లున్న మీ ‘రిక్వైర్‌మెంట్స్’ ఫైలుతో పాటు మూడు ఆప్షన్లు కలపండి: ‘డబుల్ డాష్ ప్లాట్‌ఫామ్ విన్_ఎఎండీ64’, ‘డబుల్ డాష్ పైథాన్-వెర్షన్ 3.11’, ‘డబుల్ డాష్ ఓన్లీ-బైనరీ=:ఆల్:’. మూడోది పెట్టకపోతే మొదటి రెండింటినీ పిప్ ఒప్పుకోదు. ‘డాష్ డి’తో ఒక ఫోల్డర్ పేరివ్వండి, అన్నీ అందులో పడతాయి.

ఇంతవరకు చాలామంది చేస్తారు. అయినా ఆఫీసుకెళ్లి ఎక్కిస్తే ఈసారి ‘కలరామా’ దొరకలేదంటుంది. మీరు అడగని ప్యాకేజీ అది. ‘క్లిక్’, ‘టీక్యూడీఎమ్’ లాంటివి విండోస్‌లో మాత్రమే కలరామాను అడుగుతాయి. ‘ఇది విండోసేనా?’ అన్న షరతును పిప్ తాను నడుస్తున్న సిస్టమ్‌ని బట్టి తేల్చుకుంటుంది, మీరిచ్చిన ప్లాట్‌ఫామ్ ఆప్షన్‌ని బట్టి కాదు. మీ ఉబుంటులో ఆ షరతు తప్పు కాబట్టి కలరామాను వదిలేసింది. పిప్‌కి ఉన్న పెద్ద లోటు ఇది. ఒకటి రెండు ప్యాకేజీలైతే దొరకనివాటి పేర్లు రాసుకుని మళ్లీ దించుకోవచ్చు. పాతిక ముప్పై ఉంటే మాత్రం ఉబుంటు మీద ఆశ వదులుకుని, నెట్ ఉన్న విండోస్ సిస్టమ్‌లోనో, వర్చువల్ మెషీన్‌లోనో అదే పైథాన్ 3.11 వేసి, అక్కడ దించండి. ఇది మీ ఆఫీసు సిస్టమ్‌కి జంట అన్నమాట. అప్పుడు ప్లాట్‌ఫామ్ ఆప్షన్లతో పనే లేదు.

ఫోల్డర్‌లో ‘టార్.జీజెడ్’ ఫైలు ఒక్కటి కనిపించినా ఆగండి. అది వీల్ కాదు, ఇంకా కట్టని సోర్సు కోడ్. దాన్ని ఎక్కించేటప్పుడు పిప్ ఒక తాత్కాలిక గది లాంటిది కట్టుకుని, అందులోకి ‘సెటప్‌టూల్స్’ లాంటి పనిముట్లను కొత్తగా తెచ్చుకోవాలని చూస్తుంది. మీ సిస్టమ్‌లో సెటప్‌టూల్స్ ఉన్నా సరే, మళ్లీ తెస్తానంటుంది. నెట్ లేదు కనుక అక్కడ కూలబడుతుంది. రెండు దారులున్నాయి. సెటప్‌టూల్స్, వీల్ అనే రెండు ప్యాకేజీల వీల్ ఫైళ్లను కూడా అదే ఫోల్డర్‌లో పెట్టడం ఒకటి. ఆ జంట విండోస్ సిస్టమ్‌లోనే ‘పిప్ వీల్’ కమాండ్‌తో సోర్సును వీల్‌గా మార్చి తీసుకెళ్లడం రెండోది. సి కోడ్ ఉన్న ప్యాకేజీ అయితే రెండోదే మేలు, ఆఫీసు సిస్టమ్‌లో కంపైలర్ వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఆఫీసులో ఇచ్చే కమాండ్: ‘పిప్ ఇన్‌స్టాల్ డబుల్ డాష్ నో-ఇండెక్స్ డబుల్ డాష్ ఫైండ్-లింక్స్’, ఆ తర్వాత ఫోల్డర్ దారి, చివర ‘డాష్ ఆర్’తో రిక్వైర్‌మెంట్స్ ఫైలు. నో-ఇండెక్స్ మరిస్తే ప్రతి ప్యాకేజీకీ నెట్ కోసం పదేపదే ప్రయత్నిస్తూ చాలాసేపు కూర్చుంటుంది. సిస్టమ్ హ్యాంగ్ అయిందనుకుంటారు. కాలేదు.

బయల్దేరే ముందు జంట సిస్టమ్‌లో కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి తెరిచి, నెట్ ఆపేసి, ఇదే కమాండ్ ఒకసారి నడపండి. ఇక్కడ ఎక్కితే అక్కడా ఎక్కుతుంది. ఎక్కాక ‘ఇంపోర్ట్’ దగ్గర ‘డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్’ అని వస్తే తప్పు పైథాన్‌ది కాదు. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ ఆ సిస్టమ్‌లో లేదన్నమాట. దాని 64 బిట్ ఇన్‌స్టాలర్ చిన్నదే, పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉంచుకోండి.

లైనక్స్ సర్వర్లకు తీసుకెళ్లేవారికి ఒక ముక్క. పాత పిప్‌కి కొత్త గుర్తులు తెలియవు. ‘మెనీలైనక్స్2014’ అర్థం కావాలంటే పిప్ 19.3, ‘మెనీలైనక్స్_2_28’ లాంటివి అర్థం కావాలంటే 20.3 ఉండాలి. కాబట్టి కొత్త పిప్ తాలూకు వీల్ ఫైలును కూడా ఫోల్డర్‌లో వేసుకెళ్లి ముందు దాన్నే ఎక్కించండి. ఆ 2_28 అనేది సిస్టమ్‌లో కనీసం ఉండాల్సిన జీలిబ్‌సి (లైనక్స్ ప్రోగ్రాములు ఆధారపడే సి లైబ్రరీ) వెర్షన్. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17 మాత్రమే. అక్కడ పిప్ ఎంత కొత్తదైనా ఆ వీల్ ఎక్కదు.

ప్రశ్న: 64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉంది. 9 జీబీ ఐఎస్ఓ కాపీ చేస్తే చోటు చాలదంటోంది.
– విద్యార్థి, వనపర్తి

జవాబు: డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంది. అందులో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కో, విండోస్‌లో మాత్రమే వాడేదైతే ఎన్‌టీఎఫ్ఎస్‌కో మార్చండి. లోపలున్నవి పోతాయి, ముందే తీసి పెట్టుకోండి. లైనక్స్ ఫోల్డర్లను ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవుల మీద విడిగా కాపీ చేయకండి. సింబాలిక్ లింకులు, ఫైలు పర్మిషన్లు రెండూ ఎగిరిపోతాయి. ‘టార్’ చేసి ఒకే ఫైలుగా తీసుకెళ్లాలి.

ప్రశ్న: నెట్ లేని ఉబుంటు 22.04లో ‘బిల్డ్-ఎసెన్షియల్’ (కంపైలర్, దాని పనిముట్ల కట్ట) కావాలి. 24.04 ఉన్న ల్యాప్‌టాప్‌లో డెబ్ ఫైళ్లు (ఉబుంటు ప్యాకేజీలు) దించి ‘డీపీకేజీ డాష్ ఐ’ కొడుతున్నాను. ఒకటి ఎక్కిస్తే ఇంకోటి అడుగుతోంది. చివరికి ‘లిబ్‌సి6’ కొత్తది కావాలంటోంది. బలవంతంగా ఎక్కించమంటారా?
– సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

జవాబు: వద్దు, ఆ పని మాత్రం చేయకండి. లిబ్‌సి6 అంటే జీలిబ్‌సియే. 22.04లో అది 2.35, 24.04లో 2.39. సిస్టమ్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ దీని మీదే నిలబడి ఉంటుంది. సగం మారి ఆగిందంటే ‘ఎల్ఎస్’ కమాండ్ కూడా పనిచేయదు, రిపేరుకి వేరే డిస్క్ నుంచి బూట్ చేయాల్సి వస్తుంది. మీరు దించిన 24.04 డెబ్‌లు పక్కన పెట్టేయండి.

ఏం కావాలో చెప్పాల్సింది ఆ నెట్ లేని సిస్టమే. ఇందుకోసం రితేష్ రాజ్ సరాఫ్ రాసిన ‘ఆప్ట్-ఆఫ్‌లైన్’ అనే పనిముట్టు ఉంది, ఉబుంటు ప్యాకేజీల్లోనే దొరుకుతుంది. 22.04కి చెందిన దాని డెబ్‌ను ముందు ఎక్కించుకోవాలి. తర్వాత పెన్‌డ్రైవ్ రెండుసార్లు అటూ ఇటూ తిరుగుతుంది.

మొదటి విడత ప్యాకేజీల జాబితా కోసం. నెట్ లేని సిస్టమ్‌లో ‘సూడో ఆప్ట్-ఆఫ్‌లైన్ సెట్’, ఆ పక్కన పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు పేరు, ‘డబుల్ డాష్ అప్‌డేట్’. చిన్న టెక్స్ట్ ఫైలు తయారవుతుంది. దాన్ని నెట్ ఉన్నచోటికి తెచ్చి ‘ఆప్ట్-ఆఫ్‌లైన్ గెట్’కి ఆ ఫైలు పేరిచ్చి, ‘డబుల్ డాష్ బండిల్’తో జిప్ పేరు ఇవ్వండి. ఇది పైథాన్‌లో రాసింది కనుక ఇక్కడ ల్యాప్‌టాప్ ఏ ఉబుంటు అన్నది పట్టింపు లేదు. జిప్‌ను వెనక్కి తీసుకెళ్లి ‘సూడో ఆప్ట్-ఆఫ్‌లైన్ ఇన్‌స్టాల్’ కొడితే జాబితాలు తాజా అవుతాయి.

రెండో విడత అసలు సరుకు కోసం. ఈసారి ‘సెట్’లో అప్‌డేట్‌కి బదులు ‘డబుల్ డాష్ ఇన్‌స్టాల్-ప్యాకేజెస్ బిల్డ్-ఎసెన్షియల్ జీడీబీ’. మిగతా తంతు అంతా మామూలే. ఈ ఇన్‌స్టాల్ డెబ్‌లను ఆప్ట్ క్యాష్‌లో పెడుతుందంతే. ఆ తర్వాత ఎప్పటిలా ‘సూడో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ జీడీబీ’ కొట్టాలి. చాలామంది ఈ చివరి మెట్టు మరిచి ఏమీ ఎక్కలేదంటారు.

మొదటి విడత ఎందుకు, నేరుగా రెండోదానికే వెళ్తే పోలా అనిపిస్తుంది. పాత జాబితాలో ఉన్న వెర్షన్లను ఉబుంటు సర్వర్లు కొత్తవి రాగానే తీసేస్తూ ఉంటాయి. ఆర్నెల్ల నాటి జాబితాతో వెళ్తే సగం ఫైళ్లకు ‘404’ వస్తుంది.

సిస్టమ్‌లు చాలా ఉంటే ఇంకో పద్ధతి బాగుంటుంది. నెట్ ఉన్న ల్యాప్‌టాప్‌లో డాకర్ ఉంటే ఉబుంటు 22.04 కంటెయినర్ (సిస్టమ్ లోపల విడిగా నడిచే చిన్న ఉబుంటు) తెరవండి. అది దాదాపు ఖాళీ సిస్టమ్, అందువల్ల అక్కడ ‘డబుల్ డాష్ డౌన్‌లోడ్-ఓన్లీ’తో ఆప్ట్-గెట్ నడిపితే డిపెండెన్సీలన్నీ (ప్యాకేజీకి తోడుగా కావాల్సినవి) వచ్చేస్తాయి. ముందుగా ‘ఈటీసీ, ఆప్ట్, ఆప్ట్.కాన్ఫ్.డి’ ఫోల్డర్‌లోని ‘డాకర్-క్లీన్’ ఫైలు తీసేయండి. దించిన డెబ్‌లను ఊడ్చేసేది అదే. వచ్చిన డెబ్‌ల ఫోల్డర్‌లో ‘డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్’ నడిపి ‘ప్యాకేజెస్’ అనే సూచిక ఫైలు చేసి, ఒక సిస్టమ్ నుంచి ‘పైథాన్3 డాష్ ఎమ్ హెచ్‌టీటీపీ.సర్వర్ 8000’తో ల్యాన్‌లో వడ్డించండి. మిగతా సిస్టమ్‌ల సోర్సుల జాబితాలో ఆ చిరునామాను ‘ట్రస్టెడ్=యెస్’ అని చేరిస్తే ఆప్ట్ మామూలుగానే పనిచేస్తుంది. ఆ మాట అంటే సంతకం తనిఖీ చేయొద్దని, కాబట్టి బయటివాళ్లు చొరబడలేని ల్యాన్‌లోనే ఈ పని చేయాలి.

ఒకే ఒక్క సిస్టమైతే డెబ్‌లన్నీ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి ‘సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./*.డెబ్’ అన్నా సరిపోతుంది. ఆ చుక్క, స్లాష్ తప్పనిసరి. అవి ఉంటేనే ఆప్ట్ దాన్ని ఫైలు అనుకుంటుంది, లేకపోతే ప్యాకేజీ పేరనుకుని వెతుకుతుంది.

ప్రశ్న: విజువల్ స్టూడియో 2022 ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఎక్కడ దొరుకుతుంది? మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఫైలు నాలుగైదు ఎంబీలే ఉంది.
– శిక్షణ సంస్థ నిర్వాహకులు, విజయవాడ

జవాబు: రెడీమేడ్‌గా ఐఎస్ఓ రాదండీ, మనమే ‘లేఅవుట్’ (ఇన్‌స్టాల్‌కి కావాల్సిన ఫైళ్లన్నీ ఉండే ఫోల్డర్) కట్టుకోవాలి. ఆ చిన్న ఫైలుతోనే ఆ పని జరుగుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫైలు పేరు, ‘డబుల్ డాష్ లేఅవుట్ డి:\వీఎస్‌ఎల్’, ‘డబుల్ డాష్ యాడ్’తో మీకు కావాల్సిన వర్క్‌లోడ్ (ఒక తరహా పనికి కావాల్సిన పనిముట్ల కట్ట) ఐడీ, ‘డబుల్ డాష్ ఇన్‌క్లూడ్‌రికమెండెడ్’, ‘డబుల్ డాష్ లాంగ్ ఈఎన్-యూఎస్’. లాంగ్ ఇవ్వకపోతే అది మద్దతిచ్చే భాషలన్నీ దించుతుంది. యాడ్ ఇవ్వకపోతే మొత్తం సరుకూ దించుతుంది, 40 జీబీకి పైనే అవుతుంది. ఫోల్డర్ దారి 80 అక్షరాల లోపు ఉండాలి, అందుకే పేరు పొట్టిగా పెట్టమంటున్నాం. మధ్యలో నెట్ పోతే అదే కమాండ్ మళ్లీ ఇవ్వండి, ఆగినచోటు నుంచి అందుకుంటుంది. ఎక్కడైనా ఫైలు చెడిందేమో అనుమానముంటే ‘వెరిఫై’తో చూడండి, ‘ఫిక్స్’తో బాగుచేయండి.

నెట్ లేని సిస్టమ్‌లో మొదట చేయాల్సింది ఇన్‌స్టాల్ కాదు. లేఅవుట్ లోపల ‘సర్టిఫికెట్స్’ ఫోల్డర్ ఉంటుంది. అందులోని సర్టిఫికెట్లను లోకల్ మెషీన్ ఖాతాకి, ట్రస్టెడ్ రూట్‌లోకి ఎక్కించండి. మామూలుగా విండోస్ వీటిని నెట్ నుంచి తనే తెచ్చుకుంటుంది, ఇక్కడ తెచ్చుకోలేదు. ఇవి లేకపోతే ఫైళ్లన్నీ సక్రమంగా ఉన్నా సంతకం చెల్లదని ఇన్‌స్టాలర్ ఆగిపోతుంది. తర్వాత లేఅవుట్ లోపలి ఎగ్జీని ‘డబుల్ డాష్ నోవెబ్’తో, ముందిచ్చిన అదే యాడ్ ఐడీతో నడపండి. తెర మీద ఇంకో వర్క్‌లోడ్‌కి టిక్ పెట్టారంటే లేఅవుట్‌లో లేనిది అడిగినట్టే.

ఇక లైసెన్సు. కమ్యూనిటీ ఎడిషన్ 30 రోజుల తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ఇన్ అడుగుతుంది, దానికి నెట్ కావాలి. నెట్ లేనిచోట నిలబడేవి ప్రొడక్ట్ కీ కొట్టగలిగే ప్రొఫెషనల్, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లే. సి, సీ++ మాత్రమే నేర్పే బ్యాచ్‌లకైతే మొదటి జవాబులో చెప్పిన కోడ్‌బ్లాక్స్‌తో సరిపెట్టుకోవడమే తెలివైన పని అని మా అభిప్రాయం.

ప్రశ్న: పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డాట్‌నెట్ 3.5 అడుగుతోంది. విండోస్ ఫీచర్స్‌లో టిక్ పెడితే నెట్‌కి వెళ్తానంటోంది.
– గుంటూరు

జవాబు: అదే వెర్షన్ విండోస్ ఐఎస్ఓ ఉంటే చాలు. ఐఎస్ఓ మౌంట్ చేస్తే ‘ఇ’ డ్రైవ్ వచ్చిందనుకుందాం. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘డిస్మ్ /ఆన్‌లైన్ /ఎనేబుల్-ఫీచర్ /ఫీచర్‌నేమ్:నెట్ఎఫ్ఎక్స్3 /ఆల్ /సోర్స్:ఇ:\సోర్సెస్\ఎస్ఎక్స్ఎస్ /లిమిట్‌యాక్సెస్’. ఇందులో ‘ఆన్‌లైన్’ చూసి కంగారుపడకండి, ఇప్పుడు నడుస్తున్న విండోస్ అని దాని అర్థం, ఇంటర్నెట్ కాదు. 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ ఎర్రర్ వస్తే సోర్సు దారి తప్పు, లేదా ఐఎస్ఓ వేరే బిల్డ్‌ది.

ప్రశ్న: మేవెన్‌తో కట్టే జావా ప్రాజెక్టు. ‘డిపెండెన్సీ:గో-ఆఫ్‌లైన్’ నడిపి ‘.ఎమ్2’ ఫోల్డర్ మొత్తం కాపీ చేశాను. అయినా ‘ఎంవీఎన్ డాష్ ఓ’ కొడితే ఫలానా జార్ (జావా లైబ్రరీ ఫైలు) ఇంతకుముందు దించలేదంటోంది. చూస్తే ఆ జార్ ఫోల్డర్‌లోనే ఉంది!
– డెవలపర్, బెంగళూరు

జవాబు: ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి, ఒకే ఎర్రర్‌లా కనిపిస్తాయి.

జార్ నిజంగా లేకపోవడం మొదటిది. గో-ఆఫ్‌లైన్ పేరు గొప్పదే కానీ అన్నీ తేదు. టెస్టులు నడిపే షూర్‌ఫైర్ ప్లగిన్, మీ జేయూనిట్ వెర్షన్‌ను చూసి దానికి తగిన జార్‌ను అప్పటికప్పుడు తెప్పించుకుంటుంది. టెస్టు నడిస్తే తప్ప అది రాదు. అందుకే గో-ఆఫ్‌లైన్‌ను నమ్ముకోకుండా, ‘డాష్ డిమేవెన్.రెపో.లోకల్=’ అని ఒక ఖాళీ ఫోల్డర్ చూపించి, టెస్టులతో సహా ‘క్లీన్ వెరిఫై’ పూర్తిగా నడపండి. ఖాళీ ఫోల్డర్ ఎందుకంటే, ఇదివరకటి ప్రాజెక్టుల చెత్త లేకుండా సరిగ్గా దీనికి కావాల్సినవే వస్తాయి. కాపీ కూడా చిన్నదవుతుంది.

మీది మాత్రం రెండో జబ్బు. జార్ పక్కన ‘_రిమోట్.రిపాజిటరీస్’ అనే చిన్న ఫైలు ఉంటుంది, తెరిచి చూడండి. ఈ జార్ ఏ రిపాజిటరీ (జార్‌లు దాచి ఉంచే సర్వర్) నుంచి వచ్చిందో అందులో రాసి ఉంటుంది. నెట్ ఉన్న మీ సిస్టమ్‌లో అది ‘సెంట్రల్’. ఆఫీసు ‘సెట్టింగ్స్.ఎక్స్ఎమ్ఎల్’లో మిర్రర్‌కి (సెంట్రల్ బదులు వాడే నకలు సర్వర్‌కి) వేరే ఐడీ పెట్టి ఉంటారు. నేను చూడాల్సిన రిపాజిటరీ నుంచి ఇది రాలేదు కదా అని మేవెన్ ఎదురుగా ఉన్న జార్‌ను కూడా కాదంటుంది. కాపీ చేశాక ఆ పేరుతో ఉన్న ఫైళ్లన్నీ తుడిచేయండి, లేదా రెండు చోట్లా ఐడీ ఒకటే ఉండేలా చూసుకోండి. మేవెన్ 3లో ‘డాష్ ఎల్ఎల్ఆర్’ ఆప్షన్ కూడా ఈ పట్టింపు మాన్పిస్తుంది. ‘.లాస్ట్‌అప్‌డేటెడ్’ అని ముగిసే ఫైళ్లు ఉంటే వాటినీ తీసేయండి, అవి ఫెయిలైన ప్రయత్నాల గుర్తులు.

మేవెన్ బదులు గ్రేడిల్ వాడేవారికి: ‘డబుల్ డాష్ ఆఫ్‌లైన్’ ఇచ్చినా ముందుగా ర్యాపర్ (ప్రాజెక్టుతో వచ్చే, గ్రేడిల్‌ను తెచ్చి నడిపే స్క్రిప్టు) గ్రేడిల్ జిప్‌నే నెట్ నుంచి తేబోతుంది. ర్యాపర్ ప్రాపర్టీస్ ఫైల్లో ‘డిస్ట్రిబ్యూషన్‌యూఆర్ఎల్’ను పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చిన జిప్‌కి, ‘ఫైల్:///’తో మొదలయ్యే దారిగా మార్చండి.

ప్రశ్న: నోడ్ ప్రాజెక్టుకీ, వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లకీ ఏం చేయాలి?
– తిరుపతి

జవాబు: నోడ్‌కి: అదే ఆపరేటింగ్ సిస్టమ్, అదే నోడ్ వెర్షన్ ఉన్న సిస్టమ్‌లో ‘ఎన్‌పీఎమ్ సీఐ డబుల్ డాష్ క్యాష్’ అని ఒక ఫోల్డర్ ఇచ్చి నడపండి. ప్రాజెక్టునీ ఆ క్యాష్‌నీ తీసుకెళ్లి అక్కడ అదే కమాండ్‌కి ‘డబుల్ డాష్ ఆఫ్‌లైన్’ కలపండి. ‘ఎన్‌పీఎమ్ ప్యాక్’ జోలికి పోకండి, అది డిపెండెన్సీలు లేకుండా ఒక్క ప్యాకేజీనే కడుతుంది. ‘ఈనాట్‌క్యాష్డ్’ ఎర్రర్ వస్తే చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్ తేడానే కారణం. ‘ఈఎస్‌బిల్డ్’ లాంటివి ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో బైనరీ ప్యాకేజీ తెస్తాయి. పప్పెటీర్ అయితే ఎక్కాక క్రోమ్‌ను విడిగా దించుకోబోతుంది, అది ఎన్‌పీఎమ్ క్యాష్‌లోకి రాదు. ‘పప్పెటీర్_స్కిప్_డౌన్‌లోడ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి ఆపి, క్రోమ్‌ను వేరుగా తీసుకెళ్లండి.

వీఎస్ కోడ్‌కి: నెట్ ఉన్న వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ మీద రైట్‌క్లిక్ చేస్తే ‘డౌన్‌లోడ్ వీఎస్ఐఎక్స్’ ఉంటుంది. అవతల ‘కోడ్ డబుల్ డాష్ ఇన్‌స్టాల్-ఎక్స్‌టెన్షన్’ పక్కన ఆ ఫైలు పేరు. ‘ఎక్స్‌టెన్షన్ ప్యాక్’ అని ఉన్నది దించి సంబరపడకండి, అది వట్టి జాబితా. జావా ప్యాక్ కావాలంటే అందులో ఉన్న ఒక్కో ఎక్స్‌టెన్షన్‌నీ విడిగా దించాలి. పైథాన్ ఎక్స్‌టెన్షన్‌తో పాటు పైలాన్స్, డీబగ్గర్ కూడా అంతే.

ప్రశ్న: మ్యాక్‌లో డాకర్ ఇమేజ్ ‘ఎక్స్‌పోర్ట్’ చేసి నెట్ లేని సర్వర్‌లో ఎక్కించాను. ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తోంది.
– హైదరాబాద్

జవాబు: మీ మ్యాక్ ఎమ్ సిరీస్ చిప్‌ది, ఇమేజ్ ఏఆర్ఎమ్‌ది వచ్చింది. సర్వర్ ఇంటెల్ తరహాది. ‘డాకర్ పుల్ డబుల్ డాష్ ప్లాట్‌ఫామ్ లైనక్స్/ఎఎండీ64’ అని మళ్లీ దించండి. ఎక్స్‌పోర్ట్ మాని ‘డాకర్ సేవ్ డాష్ ఓ’, అక్కడ ‘డాకర్ లోడ్ డాష్ ఐ’ వాడండి. ఎక్స్‌పోర్ట్ కంటెయినర్ లోపలి ఫైళ్లను మాత్రమే ఇస్తుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు, మొదట ఏ కమాండ్ నడపాలో చెప్పే సమాచారం పోతాయి.

ప్రశ్న: అన్నీ సరిగ్గానే చేశాం. ఒక్క సిస్టమ్‌లో మాత్రం విజువల్ స్టూడియో సర్టిఫికెట్ చెల్లదంటుంది. అదే సిస్టమ్‌లో ఉబుంటు వేస్తే ఆప్ట్ ‘రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అంటుంది. ‘మేక్’ కొడితే ‘క్లాక్ స్క్యూ’ అంటుంది.
– ల్యాబ్ అసిస్టెంట్, నిజామాబాద్

జవాబు: తేదీ చూడండి. మూడో ఎర్రరే అసలు సంగతి చెప్పేసింది. నెట్ ఉన్న సిస్టమ్ తన గడియారాన్ని తానే దిద్దుకుంటుంది, దీనికి ఆ వీలు లేదు. సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, మర్నాడు వేస్తే తేదీ ఏళ్ల వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీద సీమోస్ బ్యాటరీ అయిపోయినట్టే. గుండ్రటి 3 వోల్టుల సీఆర్2032 సెల్, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. పవర్ కేబుల్ తీసేసి, క్లిప్ పక్కకి నొక్కితే పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, బయోస్‌లో తేదీ, సమయం ఇచ్చి సేవ్ చేయండి. బయోస్‌లో బూట్ వరస కూడా డిఫాల్ట్‌కి పోయి ఉంటుంది, అది కూడా సరిచూసుకున్నాకే ఇన్‌స్టాలర్ జోలికి వెళ్లండి.